మెచ్చుకున్నప్పుడల్లా గుబులు పెరుగుతోంది, మీలో ఎవరికైనా ఇలా ఉందా?

వేకువచుక్క
టీమ్ లీడ్‌గా ప్రమోషన్ వచ్చి కొన్ని నెలలైంది. పని ఎక్కడా ఆగలేదు, ఎవరూ వేలెత్తి చూపలేదు. అయినా మీటింగ్‌కి రమ్మని మెసేజ్ రాగానే ‘ఇవాళ దొరికిపోతాను’ అనిపిస్తుంది. మేనేజర్ బాగా చేశావంటే ఆ మాట లోపలికి దిగదు. ‘నా అసలు సంగతి ఈయనకింకా తెలియలేదు’ అని గుబులు ఇంకాస్త పెరుగుతుంది. దీన్ని ఇంపోస్టర్ సిండ్రోమ్ అంటారట. పేరు తెలిసింది కానీ బరువు తగ్గలేదు. మీకు దేనివల్ల కాస్త ఊపిరాడింది? ‘నిన్ను నువ్వు నమ్ముకో’ అని ఇప్పటికే చాలామంది చెప్పారండి, అది కాక ఇంకేదైనా చెప్పండి.

థీసిస్ చివర్లో
నాకూ ఉందండి. పీహెచ్‌డీ చేస్తున్నాను. ల్యాబ్‌లో అందరూ గడగడా మాట్లాడుతుంటే నన్ను పొరపాటున చేర్చుకున్నారేమో అనుకునేదాన్ని. మా గైడ్ ఒకరోజు తన పాత పేపర్ ఫైలు మొదటి డ్రాఫ్ట్ నుంచి తీసి చూపించారు. సమీక్షకుల ఘాటు వ్యాఖ్యలు, తిరస్కరించిన ఉత్తరం, పేజీల కొద్దీ కొట్టివేతలు, ఒకచోట అంచున ఆయన చేతిరాతలో ‘ఇది నాకే అర్థం కావడం లేదు’ అని. ఆ పేపర్‌నే నేను అచ్చులో చదివి, ఇలా జన్మలో రాయలేననుకున్నాను! వాళ్లు పూర్తిచేసిన పనిని, నేను సగంలో ఉన్న పనిని పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నానని అప్పుడు తట్టింది. మీకు నమ్మకమున్న సీనియర్ ఎవరైనా ఉంటే, వాళ్ల సగం పని చూపించమని అడగండి.

మాటసాయం
కౌన్సెలర్‌గా విద్యార్థులతోనూ ఉద్యోగులతోనూ పనిచేస్తుంటాను. పొగడ్త లోపలికి దిగదన్నారు కదా, దానికి కారణం ఉంది. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు ఈ అనుభవాన్ని ఒక పరిశోధన పత్రంలో వివరించారు. చదువులో, వృత్తిలో రాణించిన 150 మందికి పైగా మహిళలను గమనించి రాసిన పత్రమది. తర్వాతి పరిశోధనల్లో మగవాళ్లలోనూ ఇది కనిపించింది.

క్లాన్స్ దీన్ని ఒక చక్రంగా చెప్పారు. కొత్త పని రాగానే భయం. భయంతో కొందరు అవసరానికి మించి సిద్ధపడతారు, కొందరు వాయిదా వేసి చివర్లో ఉరుకుతారు. పని బాగానే పూర్తవుతుంది. మొదటివాళ్లు ‘తెలివేం కాదు, రాత్రింబవళ్లు కష్టపడ్డాను కాబట్టి గట్టెక్కాను’ అంటారు. రెండోవాళ్లు ‘అదృష్టం’ అంటారు. ఎటు వెళ్లినా ఆ విజయం వాళ్ల ఖాతాలో పడదు. తర్వాతి పనికి భయం మళ్లీ మొదటికొస్తుంది. బయటి నుంచి ఎంత మెచ్చుకున్నా ఈ లెక్క మారదు, ఎందుకంటే లెక్క రాసేది లోపలి మనిషి.

ఇంకో మాట. మానసిక సమస్యల నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5లో ఇది జబ్బుగా లేదు. ఎంతమందికి ఉంటుందన్నదీ తేలలేదు. 2020లో వచ్చిన ఒక సమీక్ష 62 అధ్యయనాలను కలిపి చూస్తే, ఒకచోట 9 శాతం, మరోచోట 82 శాతం తేలింది. ఏ ప్రశ్నావళి వాడారు, ఎంత స్కోరు దగ్గర గీత గీశారు అన్నదాన్ని బట్టి అంత తేడా వస్తుంది. ఒకే అంకె చెప్పి ‘ఇంతమందికి ఉంది’ అనేవాళ్లను నేను నమ్మను.

బగ్ వేట
ఆ ‘ఖాతాలో పడదు’ అన్నమాట నూటికి నూరుపాళ్లు నిజం. సాధించినవి రాసుకోమని అందరూ అంటారు. నాకది పనిచేయలేదు. రాసుకున్న ప్రతిదానికీ ‘ఇది టీమ్ వల్ల’, ‘ఇది ఎవరైనా చేస్తారు’ అని ఏదో ఒకటి దొరికేది. ఇప్పుడు ఫలితం రాకముందే రాస్తాను. సర్వర్ ఎందుకు నెమ్మదించిందనుకుంటున్నాను, రెండు దారుల్లో దేన్ని ఎంచుకున్నాను, ఎందుకు. కొన్నాళ్లకు తిరిగి చదివితే నా ఆలోచన కళ్లముందు ఉంటుంది. కొన్ని తప్పుతాయి, తప్పినచోట కూడా కారణం కనిపిస్తుంది. ముందే రాసి పెట్టినదాన్ని అదృష్టమని తోసేయడం కష్టం.

రాత్రి డ్యూటీ
జూనియర్ డాక్టర్‌ని. నాదొక అభ్యంతరం. భయమంతా అబద్ధం కాదు. కొత్తగా చేరినవాళ్లకు కొన్ని పనులు నిజంగానే రావు. ‘నాకేమీ రాదు’ అన్నది మాత్రం వట్టి మాట. ఏది రాదో పేరుపెట్టి చెప్పుకుంటే అది చిన్నదైపోతుంది. పిల్లల బరువును బట్టి మందు మోతాదు లెక్కకట్టడం నాకు వచ్చు. సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి పెట్టే సన్నని గొట్టం) వేయడంలో ఇంకా చెయ్యి తిరగలేదు. అది సీనియర్ పక్కన ఉండగా నేర్చుకోవాల్సిన పని, అంతే.

మా వృత్తిలో ఇది మన మనసుతో ఆగిపోయే సంగతి కాదు. బయటపడిపోతానన్న భయంతో అర్ధరాత్రి సీనియర్‌ను నిద్ర లేపకపోతే నష్టపోయేది పేషెంట్. మా సీనియర్ ఒకరు కొత్తవాళ్లు చేరిన రోజే చెబుతారు: ‘అనుమానం వస్తే ఫోన్ చెయ్యి. చేసినందుకు ఏమీ అనను. చేయకపోతేనే అడుగుతాను.’ ఎన్ని రాత్రులు ఆ మాట నన్ను నిలబెట్టిందో! వేకువచుక్క గారూ, లీడ్‌గా మీ టీమ్‌కి ఈ మాట మీరు చెప్పగలరు.

మొదటి తరం
మనలోపల ఏం మార్చుకోవాలో అందరూ చెబుతున్నారు, బాగుంది. మరి బయట? మా ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటిదాన్ని నేనే. ‘నీకు సీటెలా వచ్చింది?’ అని నవ్వుతూ అడిగేవాళ్లు. నా యాసను అనుకరించేవాళ్లు. ఉద్యోగంలో నేను చెప్పినప్పుడు వినని మాటనే, పక్కాయన చెబితే తలూపి రాసుకున్నారు. ఏళ్లతరబడి ఇలా జరిగితే తాను ఇక్కడి మనిషిని కానని ఎవరికనిపించదు? దాన్ని నా మనసులోని లోపమంటే ఒప్పుకోను. 2021లో రుచికా తుల్‌షియాన్, జోడీ-ఆన్ బ్యూరీ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఇదే రాశారు. సరిచేయాల్సింది ఆడవాళ్లను కాదు, వాళ్లు పనిచేసే చోట్లనని. అది చదివి తేలికపడి ఏడ్చాను. నాలాంటి మరికొందరితో కూర్చుని ‘నీకూ ఇలాగే జరిగిందా’ అని మాట్లాడుకోవడమే నన్ను చదువు మానకుండా ఆపింది.

మాటసాయం
మొదటి తరం గారితో ఏకీభవిస్తున్నాను. నా దగ్గరికి వచ్చినవాళ్లను కూడా మొదట అడిగేది అదే: ఈ భయం మీకు అన్నిచోట్లా ఉందా, ఆ ఒక్క చోటేనా? ఆ ఒక్క చోటే అయితే ఆ చోటు గురించి మాట్లాడాలి. నిద్ర పట్టక, తిండి సహించక, వచ్చిన అవకాశాలను వదిలేసుకునేదాకా వెళ్తే మాత్రం ఒంటరిగా మోయకండి, నిపుణుల దగ్గరికి వెళ్లండి. కుంగుబాటు, ఆందోళన దీనితో కలిసి ఉండటం మామూలే. వాటికి మంచి చికిత్స ఉంది.

వేకువచుక్క
అందరికీ ధన్యవాదాలు. మొదటి తరం గారి మాటతో ఒకటి అర్థమైంది, నా భయం పాత టీమ్‌లో లేదు. అప్పుడు మేమంతా తెలియనివి గట్టిగానే అడిగేవాళ్లం. ఇక్కడ అందరూ తయారైన స్లయిడ్లతోనే వస్తారు. వచ్చే మీటింగ్‌లో నా సగం ప్లాన్ పెట్టి, ‘ఈ రెండు చోట్ల నాకు స్పష్టత లేదు’ అని చెప్పబోతున్నాను. భయంగానే ఉంది.

థీసిస్ చివర్లో
చెప్పండి అక్కా, తప్పకుండా. నాదొక ప్రశ్న. వైవా దగ్గరపడింది, చదువుతూనే ఉన్నా చాలడం లేదు. ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది?

రాత్రి డ్యూటీ
ఆ నిర్ణయం మీ ఒక్కరికే వదలకండి. మీ గైడ్‌తో కూర్చుని ఏ అధ్యాయాలు, ఏ పేపర్లు, ఎప్పటిదాకా అని ముందే రాసుకోండి. అది పూర్తయిన రోజు పుస్తకం మూసేయండి. ఇంకా చాలదని ఆ రాత్రి అనిపిస్తుంది, నాకు ప్రతి పరీక్షకీ అనిపించింది. అప్పుడు కొత్త పేపర్ తెరవకుండా గైడ్‌కి ఫోన్ చేయండి.