ఆదివారం 10 మందికి పులిహోర, బెల్లం పరమాన్నం చెయ్యాలి, పోయినసారి రెండూ పాడయ్యాయి, కొలతలు చెప్పండి ప్లీజ్

కూకట్‌పల్లి నుంచి (ప్రశ్న)

అందరికీ నమస్తే. ఈ ఆదివారం మధ్యాహ్నం మా రూమ్‌కి ఫ్రెండ్స్ వస్తున్నారు, నాతో కలిపి 10 మందిమి. మాలో ఒకడికి పుణెలో జాబ్ వచ్చింది, ఆదివారం రాత్రికే బస్సు. వాడు మా ఊరు వచ్చినప్పుడల్లా మా అమ్మ చేసే పులిహోర, బెల్లం పరమాన్నం అడిగి మరీ పెట్టించుకునేవాడు, అందుకే బయట నుంచి బిర్యానీ తెప్పించకుండా ఆ రెండూ నా చేత్తో వండి పెట్టాలని నా కోరిక. అమ్మకి ఫోన్ చేస్తే "కొంచెం వెయ్యి", "చూస్తే తెలిసిపోద్ది రా" అంటది, అమ్మకి తెలుస్తది కానీ నాకు తెలీదు కదా, నాకు గ్లాసుల్లో గ్రాముల్లో కావాలి.

సంక్రాంతి ముందు ఒకసారి ట్రై చేశా. పులిహోర అన్నం ముద్ద ముద్దగా అయ్యింది, ఒకచోట పుల్లగా ఒకచోట చప్పగా ఉంది. పరమాన్నంలో బెల్లం వేసిన రెండు నిమిషాలకే పాలు విరిగిపోయి పైన పసుపు నీళ్ళు, కింద తరకలు. లీటరున్నర పాలు పోయాయి, చాలా బాధేసింది.

నా దగ్గర రెండు బర్నర్ల స్టవ్, 5 లీటర్ల కుక్కర్, ఒక పెద్ద స్టీల్ గిన్నె, ఒక అల్యూమినియం గిన్నె, ఒక కడాయి ఉన్నాయి. మిక్సీ లేదు. ఇంకో విషయం, వచ్చేవాళ్ళలో ఒకడికి పల్లీలు పడవు, ఒకసారి తెలీక చట్నీ తింటే మొహం అంతా వాచిపోయింది. కొంచెం వివరంగా చెప్పండి.

హనుమకొండ నుంచి

తమ్మీ, పరేషాన్ గాకు. అన్నం ముద్దగయ్యిందంటె రెండిట్ల ఒకటి, నీళ్ళన్న ఎక్కువ పోసినవ్, లేకపోతె పొగలొచ్చే అన్నంల పులుసు పోసి గంటెతోని తిప్పి తిప్పి కలిపినవ్. రోజు తినే అన్నానికి గ్లాసుకు రెండు గ్లాసులు పోస్తం, పులిహోరకు గ్లాసుకు గ్లాసున్నరే పొయ్యాలె. మస్తు పాత బియ్యమైతె ఇంకో పావు గ్లాసు. కొత్త బియ్యంతోని మాత్రం చెయ్యకు, ఎంత జాగర్తగ వండినా అతుక్కుంటది. ఇంకోటి, మేమైతె ఆఖర్ల వేయించిన నువ్వుల పొడి ఏస్తం, మిక్సీ లేకున్నా ఏం కాదు, వేడి మీదనే చపాతి కర్రతోని నలుపు, మెత్తగ గాకున్నా మంచిగుంటది.

బాపట్ల నుంచి

బాబూ, నీ పోస్టు చూసి మా పెద్దాడు గుర్తొచ్చాడు, వాడూ ఇలాగే ఫోన్లో కొలతలు అడుగుతాడు. ఒక్కోటి చెప్తా, ఓపిగ్గా చదువు.

10 మందికి పులిహోరే అసలు వంటకం కాబట్టి కిలో బియ్యం పెట్టుకో. 200 మిల్లీ గ్లాసుతో కొలిస్తే ఆరు గ్లాసులు వస్తాయి. సోనా మసూరి అయినా, మా బీపీటీ 5204 అయినా సరే, ఆ బీపీటీ అంటే బాపట్ల పేరే, ఇక్కడే పుట్టిన వంగడం. కిలో మొత్తం ఆ 5 లీటర్ల కుక్కర్లో ఒకేసారి పెట్టొద్దు. బియ్యం, నీళ్ళు కలిపి కుక్కర్ సగం దాటకూడదు, దాటితే పైది పలుకుగా, కిందది పేస్టులా అవుద్ది, పైగా గంజి పొంగి విజిల్‌కి అడ్డం పడుద్ది. మూడు గ్లాసులు ఒకసారి, మూడు గ్లాసులు ఒకసారి వండు. ఒక్కోదానికి నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, ఒక స్పూన్ నూనె, మీడియం మంట మీద రెండు విజిల్స్. ఆవిరి పోగానే మూత తీసెయ్యి, లోపలే వదిలేస్తే ఇంకా మగ్గి మెత్తబడుద్ది.

ఇప్పుడు అసలు సంగతి. తీసిన అన్నాన్ని వెడల్పాటి బేసిన్లో పరువు. బేసిన్ లేకపోతే కడిగి ఆరబెట్టిన రెండు పెద్ద పళ్ళాలైనా సరే. వేడిగా ఉన్నప్పుడే పసుపు, నాలుగు స్పూన్ల నూనె, రెండు రెబ్బల పచ్చి కరివేపాకు వేసి అట్లకాడ వెనక్కి తిప్పి పైపైన ఎత్తిపొయ్యి, నొక్కకు. నూనె ప్రతి మెతుకుకీ పడితే ఒకదానికొకటి అంటుకోవు. ఆ వేడికి కరివేపాకు వాడి, ఆ వాసన అన్నానికి పడుద్ది. తర్వాత ఫ్యాన్ కింద పావుగంట వదిలెయ్. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలాలి, అప్పుడే పులుసు. పోయినసారి నీకు ఒకచోట పుల్లగా ఒకచోట చప్పగా వచ్చింది ఎందుకంటే ముద్దైన అన్నంలోకి పులుసు దిగదు, పైనే ఉండిపోద్ది.

పులుసుకి చింతపండు 150 గ్రాములు. మూడు గ్లాసుల వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి చిక్కటి గుజ్జు తీసి వడకట్టు. కడాయిలో 100 మిల్లీ నూనె పోసి, చీల్చిన పచ్చిమిర్చి 12, కరివేపాకు వేసి, గుజ్జు పోసి, పసుపు, నాలుగు చిన్న స్పూన్ల ఉప్పు, నిమ్మకాయంత బెల్లం వేసి సన్న మంట మీద ఉడకనివ్వు. 20, 25 నిమిషాలకి దగ్గరపడి, బుడగలు పెద్దవై టప్ టప్ మని చిట్లుతూ పక్కన నూనె తేలుద్ది. అది కనపడే దాకా దించకు, ముందే దించితే పచ్చి వాసన పోదు. ఈ పని అల్యూమినియం గిన్నెలో మాత్రం చెయ్యొద్దు నాన్నా, పులుపు ఆ లోహాన్ని తింటది, రుచి మారిపోద్ది.

ఈ పులుసు శనివారం రాత్రే చేసి పెట్టుకో. రాత్రంతా ఉంటే ఇంకా బాగుంటది.

పోపు ఆదివారం వేసుకోవచ్చు. నాలుగు స్పూన్ల శనగపప్పు, రెండు స్పూన్ల మినప్పప్పు, ఆవాలు, ఎనిమిది ఎండుమిర్చి, అర స్పూన్ ఇంగువ. శనగపప్పు ముందు వెయ్యి, అది రంగు తిరగడం మొదలయ్యాకే మినప్పప్పు, లేకపోతే ఒకటి మాడుద్ది ఒకటి పలుకుద్ది. మేం చివర్లో ఒక స్పూన్ పచ్చి ఆవపిండి కలుపుతాం, ఒక్క స్పూనే, ఎక్కువైతే చేదు.

మియాపూర్ నుంచి

బ్రో, పరమాన్నం రిస్క్ తీసుకోకు, డబుల్ కా మీఠా చెయ్, విరగడం అనే టెన్షనే లేదు. 400 గ్రాముల బ్రెడ్ ప్యాకెట్ ఒకటి, కొంచెం గట్టిపడిన నిన్నటి బ్రెడ్ అయితే నెయ్యి తక్కువ పీలుస్తది. పెనం మీద నెయ్యితో రెండు వైపులా ఎర్రగా కాల్చి పెట్టుకో. 350 గ్రాముల చక్కెర, అంతే నీళ్ళు, తీగపాకం అక్కర్లేదు, వేళ్ళకి జిగురు తగిలితే చాలు, ఇలాచీ వెయ్. లీటరు పాలు సగానికి మరగబెట్టు. ముక్కలు పాకంలో ముంచి పరిచి, మీద పాలు పోసి సిమ్‌లో ఐదు నిమిషాలు. శనివారం రాత్రి చేసి ఫ్రిజ్‌లో పెడితే అయిపోయె. నేను ఏ పార్టీకైనా ఇదే చేస్తా.

కూకట్‌పల్లి నుంచి

పిన్నిగారూ చాలా థాంక్స్, ప్రింట్ తీసి గోడకి అంటిస్తా. అక్కా మీకు కూడా, నువ్వుల పొడి కచ్చితంగా వేస్తా. బ్రో, డబుల్ కా మీఠా ఇంకోసారి తప్పకుండా చేస్తా కానీ ఈసారి పరమాన్నమే పెట్టాలి, వాడికి మా ఇంటి గుర్తు అది. విరక్కుండా ఏమైనా దారి ఉందా?

బాపట్ల నుంచి

ఉంది బాబూ, తప్పకుండా చెయ్. వాడి కోసం చెయ్యాలనుకుంది మార్చుకోవద్దు.

బెల్లంలో కాస్త పులుపు గుణం ఉంటది, మరిగే పాలలో పడితే పాలు విరుగుతాయి. నువ్వు పొయ్యి మీద ఉండగానే వేసి ఉంటావు. పద్ధతి మారిస్తే చాలు. బియ్యం గ్లాసుంపావు, పెసరపప్పు పావు గ్లాసు, పప్పుని నేతిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు. రెండూ కడిగి రెండు గ్లాసుల నీళ్ళతో సగం ఉడికించి, అప్పుడు లీటరున్నర పాలు పోసి సన్న మంట మీద మెత్తగా ఉడకనివ్వు. వేలితో నలిపితే మెతుకు వెన్నలా నలగాలి, ఎందుకంటే తీపి పడ్డాక బియ్యం ఇంక ఉడకదు, ఎంత పలుకు ఉంటే అంత అలాగే ఉండిపోద్ది. దగ్గరుండి అడుగు కలుపుతూ ఉండు, ఫోన్ పక్కన పెట్టు.

ఇంకో పొయ్యి మీద 400 గ్రాముల బెల్లం, అర గ్లాసు నీళ్ళు పెట్టి కరిగించు, పాకం పట్టక్కర్లేదు. కరిగాక టీ వడపోతలో వడకట్టు. అడుగున ఇసుక, చెరుకు పీచు ఎంత ఉంటాయో నువ్వే చూస్తావు, అది పంట్లో పడితే తిన్నవాళ్ళకి పరమాన్నం కాదు ఇసుకే గుర్తుంటది. అనకాపల్లి బెల్లం దొరికితే తీసుకో, మరీ పచ్చగా మెరిసే అచ్చు కంటే కాస్త ముదురు రంగుది మేలు.

అన్నం పొయ్యి దించి పది పదిహేను నిమిషాలు ఆగు. బెల్లం నీళ్ళు కూడా చల్లారనివ్వు. అప్పుడు కూడా భయమైతే గిన్నెలోంచి రెండు స్పూన్ల పాలు చిన్న కప్పులోకి తీసి అందులో ఒక స్పూన్ బెల్లం నీళ్ళు కలిపి చూడు, విరగకపోతే మొత్తం పోసెయ్, విరిగితే ఇంకో పది నిమిషాలు ఆగు. కలిపాక మళ్ళీ పొయ్యి ఎక్కించొద్దు. నెయ్యి 100 గ్రాములు, జీడిపప్పు, కిస్‌మిస్, ఏలకుల పొడి. చల్లారేకొద్దీ గట్టిపడుద్ది కాబట్టి ఒక గ్లాసు పాలు కాచి చల్లార్చి పక్కన ఉంచుకో.

పచ్చకర్పూరం వేస్తే గుడి ప్రసాదం వాసన వస్తది, కానీ బియ్యపుగింజలో సగమే. కొట్లో అడిగేటప్పుడు తినే పచ్చకర్పూరం అని గట్టిగా చెప్పు, హారతి కర్పూరం విషం, అది ఎప్పుడూ వంటలో పడకూడదు. తేడా తెలీకపోతే అసలు వెయ్యొద్దు.

విజయవాడ నుంచి

పల్లీల గురించి ఎవరూ చెప్పలేదు, మా చెల్లికి ఉంది ఈ ఎలర్జీ, అందుకే రాస్తున్నా. పోపులో పల్లీలు మానేస్తే సరిపోదు. గానుగ పల్లీ నూనె కూడా వాడొద్దు, పల్లీ వేయించిన నూనెలో పోపు వెయ్యొద్దు, "పల్లీలు ఏరి పక్కన పెట్టుకుంటాడులే" అని ఎవరన్నా అంటే వినొద్దు. సన్‌ఫ్లవర్ నూనె వాడు. కొంతమందికి నువ్వులు, జీడిపప్పు కూడా పడవు, ముందే ఫోన్ చేసి అడుగు, ఏమేం వేస్తున్నావో మొత్తం చదివి వినిపించు. అతని దగ్గర మందు ఉంటే తెచ్చుకోమను. ఇది మొహమాటపడే విషయం కాదు.

తిరుపతి నుంచి

ఫుడ్ ల్యాబ్‌లో పనిచేస్తాను, ఒక్క మాట. టైమ్ కలిసొస్తుందని అన్నం శనివారం రాత్రే వండి బయట పెట్టకండి. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో గంటల తరబడి ఉన్న అన్నంలో పెరుగుతాయి, అది వదిలే ఒక విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పులుసు కలిపిన పులిహోరకి పులుపు కాపలా కాస్తుంది, వట్టి అన్నానికి అది లేదు. పరమాన్నం కూడా పాలది కాబట్టి మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి.

కూకట్‌పల్లి నుంచి

అన్నా వాడికి ఫోన్ చేశా, నువ్వులు, జీడిపప్పు రోజూ తింటాడంట, పల్లీ ఒక్కటే. సన్‌ఫ్లవర్ నూనె కొత్త ప్యాకెట్ తెచ్చా, కడాయి కూడా శుభ్రంగా తోమా. ఆదివారం ఎన్నింటికి మొదలుపెట్టాలి? ఒంటిగంటకి భోజనం.

హనుమకొండ నుంచి

పొద్దుగాల తొమ్మిదింటికి పరమాన్నం పెట్టు, అది చల్లారితేనె రుచి. పదింబావుకు మొదటి కుక్కర్, పదకొండుకు రెండోది. ఆర్నంక పోపు ఏసి పన్నెండు లోపట కలిపెయ్, గంట సేపు నానితె పులుపు మంచిగ పడ్తది. ఇంక అప్పడాలు, ఇంత పెరుగు చాలు. పది రకాలు పెట్టుకోని నువ్వు వంటింట్లనె ఉంటె దోస్తులతోని ఎప్పుడు కూసుంటవ్?

కూకట్‌పల్లి నుంచి (ఆదివారం రాత్రి)

ఇప్పుడే వాడిని బస్సెక్కించి వచ్చా, అందరికీ చెప్పాలని రాస్తున్నా. పాలు విరగలేదు!! కప్పులో టెస్ట్ చేస్తే మొదటిసారి సన్నగా తరకలు కనపడ్డాయి, చెయ్యి వణికింది, పిన్నిగారు చెప్పినట్టు ఇంకో పది నిమిషాలు ఆగి మళ్ళీ చూశా, నున్నగా కలిసిపోయింది, అప్పుడు మొత్తం పోశా. వడపోతలో నిజంగానే అర స్పూన్ ఇసుక వచ్చింది. అన్నం రెండు విడతల్లో చేశా కదా, రెండోదానికి నీళ్ళు అర గ్లాసు ఎక్కువ పడి కొంచెం మెత్తబడింది, కానీ పళ్ళెంలో పరిచి నూనె పట్టించి ఆరబెట్టాక రెండూ కలిపితే తేడా తెలీలేదు. ఉప్పు తగ్గితే విడిగా వేడి నూనెలో కరివేపాకుతో కలిపి చల్లా. పల్లీ పడనివాడు మూడుసార్లు పెట్టించుకున్నాడు, పులిహోర ఇంత ధైర్యంగా తిని చాలా ఏళ్ళయ్యింది అన్నాడు. పుణె వెళ్ళేవాడు ఏం మాట్లాడకుండా తిన్నాడు, తర్వాత మా అమ్మకి వీడియో కాల్ చేసి ఖాళీ గిన్నె చూపించాడు. రాత్రి బస్సులో తినడానికి ఒక డబ్బా పులిహోర కట్టిచ్చా.

పులుసు ఒక కప్పు మిగిలింది పిన్నిగారూ, ఎన్నాళ్ళు ఉంటది?

బాపట్ల నుంచి

చాలా సంతోషం నాన్నా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. పులుసు తడి లేని గాజు సీసాలో పెట్టి, మీద ఒక స్పూన్ నూనె పోసి ఫ్రిజ్‌లో ఉంచు, తడి స్పూన్ పెట్టకపోతే నెల దాకా ఉంటది. ఆఫీసు నుంచి లేటుగా వచ్చిన రోజు ఒక గ్లాసు బియ్యం పడేసి రెండు స్పూన్లు కలుపుకో.