నెట్ పోతే స్మార్ట్ స్విచ్‌లు పనిచేయడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: బెంగళూరు, కె.ఆర్.పురంలో ఉంటాం. లైట్లు, గీజరు, సంపు మోటరు అన్నీ వైఫై స్మార్ట్ స్విచ్‌ల మీద పెట్టించాం. నెట్ పోతే చాలు, యాప్‌లో 'డివైస్ ఆఫ్‌లైన్' అని వస్తోంది. మొన్న మోటరు ఆగక ట్యాంకు పొంగి, నీళ్ళు కిందివాళ్ళ వరండాలోకి పోయాయి. పగలు ఇంట్లో అమ్మానాన్నలే ఉంటారు, నాకు ఒకటే టెన్షన్. రూటర్ ఆన్‌లోనే ఉన్నా ఇలా ఎందుకు? అన్నీ మార్చాలా?

జవాబు: మీరు ఫోన్‌లో నొక్కింది ముందు ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌కి (దీన్నే క్లౌడ్ అంటారు) వెళ్ళి, అక్కడి నుంచి మీ స్విచ్‌కి వస్తోందండీ. అందుకే ఇంట్లో వైఫై ఉన్నా లాభం లేదు.

ముందు మోటరు సంగతి చూడండి. దాన్ని ఏ యాప్‌కీ వదలొద్దు. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ పెట్టించి, నిండగానే మోటరు దానంతటదే ఆగేలా ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ చేయించండి. మోటరు స్టార్టయ్యేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకి స్మార్ట్ స్విచ్‌లోని రిలే, అంటే కరెంటును కలిపి తెంపే భాగం, అతుక్కుపోతే ఆఫ్ నొక్కినా ఆగదు. మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద రిలే) తప్పనిసరి.

మిగతావి ఇప్పుడే మార్చకండి. వైఫై ఉంచి, రూటర్‌కి బయటి నుంచి వచ్చే నెట్ వైరు ఒక్కటే పీకి చూడండి. ఫోన్‌లో మొబైల్ డేటా కూడా ఆపండి. అప్పుడూ యాప్‌లో నొక్కితే లైటు వెలిగితే అది లోకల్, అంటే సర్వర్ అక్కర్లేకుండా ఇంట్లోని వైఫైతోనే నడుస్తోంది. టైమర్లు కూడా అలాగే చూడండి, కొన్ని స్విచ్‌లోనే ఉంటాయి, కొన్ని సర్వర్‌లో.

వెలగనివాటికి హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద నడుస్తుంది. ఇంట్లో స్విచ్‌లన్నిటినీ కలిపి నడిపే ఇలాంటి పెట్టెనే హబ్ అంటారు. దాని వెబ్‌సైట్‌లో మీ బ్రాండ్ పేజీ తెరిస్తే 'లోకల్ పుష్', 'లోకల్ పోలింగ్', 'క్లౌడ్ పోలింగ్' లాంటి మాట ఒకటి రాసి ఉంటుంది. లోకల్ అని ఉంటే పాత స్విచ్‌లే వాడుకోవచ్చు. కొత్తవి కొంటే జిగ్‌బీ లేదా మ్యాటర్ అని ఉన్నవి చూడండి, ఇవి నెట్ లేకపోయినా ఇంట్లోనే పరికరాలు మాట్లాడుకోగల పద్ధతులు. కొనేముందు స్విచ్ బాక్సులో న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్ళే వైరు) ఉందో లేదో చూసుకోండి. చాలా స్మార్ట్ స్విచ్‌లకి అది కావాలి, మన ఇళ్ళలో చాలాచోట్ల ఉండదు.

ప్రశ్న: అమ్మ అలెక్సాకి చెప్పి లైటు వేస్తుంది. హబ్ పెడితే నెట్ లేకపోయినా అది పనిచేస్తుందా?

జవాబు: సాధారణంగా పనిచేయదండీ, మాటను అర్థం చేసుకునే పని ఎక్కువగా క్లౌడ్‌లోనే జరుగుతుంది. అమ్మగారికి గోడ మీద మామూలు స్విచ్ ఎప్పుడూ పనిచేయాలి. పాత స్విచ్ అలాగే ఉంచి వెనక రిలే పెట్టించుకోవచ్చు. క్లౌడ్ పనికిరానిదేం కాదు. ఆఫీసు నుంచి గీజరు ఆపాలన్నా, కెమెరా రికార్డింగ్ దొంగ చేతికి చిక్కకూడదన్నా అది కావాలి.

ప్రశ్న: సరేనండీ. కరెంటు పోతే?

జవాబు: రూటర్, హబ్ రెండూ ఇన్వర్టర్ లైన్ మీదకి మార్పించండి. ఫైబర్ బాక్స్ విడిగా ఉంటే అదీ కలపండి.