పదవీ విరమణ చేస్తున్న ఆచార్యుల ఖాతాలోనే విభాగమంతా ఉంటే ఏం చేయాలి?

ప్రశ్న: విభాగ సమన్వయకర్త

సభ్యులందరికీ నమస్కారం. మా విభాగంలో అందరికంటే సీనియర్ అయిన ఆచార్యులు ఈ నెలాఖరుకు పదవీ విరమణ చేస్తున్నారు. సాంకేతిక విషయాల్లో మొదటి నుంచీ ఆయనే చొరవ తీసుకునేవారు కాబట్టి విభాగానికి సంబంధించిన ప్రతిదీ ఆయన ఖాతాలోనే పుట్టి, అక్కడే పెరిగింది. పాఠ్యప్రణాళిక సమావేశాల మినిట్స్, పదేళ్ల ప్రశ్నపత్రాలు, ప్రాజెక్టుల మూల్యాంకన పట్టికలు, విద్యార్థుల అభిప్రాయ సేకరణ ఫారాలు అన్నీ ఆయన గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి. ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్‌లో ఆరు కోర్సులకు ఆయన ఒక్కరే అధ్యాపకులుగా నమోదై ఉన్నారు. విభాగం పేరిట నడిచే మెయిల్ ఖాతా తెరవాలన్నా ఆరంకెల కోడ్ ఆయన ఫోన్‌లోనే కనిపిస్తుంది. మేము ఏటా నిర్వహించే సదస్సు వెబ్‌సైటు డొమైన్ (వెబ్ చిరునామా) కూడా ఆయన పేరు మీదే ఉన్నట్టు నిన్ననే తెలిసింది.

పదవీ విరమణ జరిగిన ముప్పై రోజులకు ఖాతా మూసివేస్తామని కంప్యూటర్ సెంటర్ నుంచి ఆయనకు మెయిల్ వచ్చింది. అవసరమైనవి డౌన్‌లోడ్ చేసుకోవాలన్న ఒక్క వాక్యం తప్ప అందులో ఇంకేమీ లేదు. నేను హెల్ప్‌డెస్క్‌కు “సార్ ఖాతాలోని విభాగం ఫైళ్లు మాకు కావాలి” అని రాస్తే, ఖాతాదారు స్వయంగా కోరితే తప్ప ఇవ్వలేమని జవాబిచ్చి టికెట్ మూసేశారు.

ఆయన అన్నింటికీ సిద్ధంగానే ఉన్నారు. “పాస్‌వర్డ్ రాసిచ్చేస్తానమ్మా, నీకు కావలసినవి తీసుకో” అంటున్నారు. అది పద్ధతి కాదని తెలుసు గానీ, అసలు పద్ధతి ఏమిటో తెలియడం లేదు. ఇటువంటి అప్పగింత చేసిన అనుభవం ఉన్నవారు ఎక్కడ మొదలుపెట్టాలో, కంప్యూటర్ సెంటర్‌ను కచ్చితంగా ఏమని అడగాలో చెప్పగలరని మనవి.

జవాబు 1: సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్

సమన్వయకర్త గారూ, మీ టికెట్ మూసేసినవారి మీద కోపం తెచ్చుకోకండి. బల్లకు ఇవతలి వైపు కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఆ వాక్యం చదివితే నేనూ మూసేసేవాణ్ని. ఒకరి ఖాతాలోని ఫైళ్లు మరొకరు అడుగుతున్నారన్నదే మాకు కనిపిస్తుంది, దాని వెనక ఉన్న మంచి ఉద్దేశం కనిపించదు. అదే టికెట్ ఆచార్యుల వారి మెయిల్ నుంచి వచ్చి, విభాగాధిపతికి ప్రతి వెళ్లి, అందులో “నా డ్రైవ్‌లోని ఫలానా మూడు ఫోల్డర్లు విభాగానివి, వాటిని విభాగం పేరిట తెరిచే షేర్డ్ డ్రైవ్‌లోకి నా సమ్మతితో తరలించండి, దానికి విభాగాధిపతి, సమన్వయకర్త మేనేజర్లుగా ఉండాలి, ఫలానా తేదీలోగా కావాలి” అని ఉంటే అది మాకు ఒక పూట పని.

పాస్‌వర్డ్ మాత్రం తీసుకోవద్దు. ఆ ఖాతాలో ఆయన పింఛను ఉత్తర ప్రత్యుత్తరాలు, వైద్య బిల్లులు, ఇంటి విషయాలు కూడా ఉంటాయి. రేపు ఏదైనా ఫైలు పోతే, లాగ్‌లో ఆయన పేరే ఉంటుంది, అనుమానం మీ మీదే ఉంటుంది.

ఇక అసలు విషయం. గూగుల్‌లో “మై డ్రైవ్”లోని ఫైలుకు యజమాని ఒక వ్యక్తి, షేర్డ్ డ్రైవ్‌లోని ఫైలుకు యజమాని సంస్థ. ఖాతాను తొలగిస్తే మొదటి రకం ఫైళ్లు దానితోపాటే పోతాయి, అవి ఎంతమందితో పంచుకున్నవైనా సరే. తొలగించేటప్పుడు ఆ ఫైళ్లను మరొకరి పేరుకు బదిలీ చేసే వీలు మాకు ఉంటుంది గానీ, అప్పుడవన్నీ ఆ కొత్త వ్యక్తి మై డ్రైవ్‌లో ఒక ఫోల్డరుగా వచ్చి కూర్చుంటాయి. అంటే ఒకరి మెడలోని గుదిబండను తీసి మీ మెడలో వేసినట్టే. మీరు బదిలీ అయిన రోజు మీ తర్వాతివారు ఇక్కడ ఇదే ప్రశ్న వేస్తారు. అందువల్ల ఆయన ఉండగానే షేర్డ్ డ్రైవ్‌కు తరలించండి. కాపీ చేయవద్దు, తరలించండి. తరలిస్తే ఫైలు గుర్తింపు సంఖ్య మారదు కాబట్టి పాత మెయిళ్లలో, మినిట్స్‌లో ఉన్న ఫైలు లింకులు, అనుమతి ఉన్నవారికి, అలాగే పనిచేస్తాయి. కాపీ చేస్తే ప్రతి లింకూ పాత ఫైలునే చూపిస్తుంది, ఆ ఫైలు ముప్పై రోజుల తర్వాత ఉండదు.

ఒక చిక్కు ముందే చెబుతాను. ఫోల్డరు ఆయనది అయినంత మాత్రాన అందులోని ప్రతి ఫైలూ ఆయనది కాదు. ఎవరు సృష్టించిన ఫైలుకు వారే యజమాని. పదేళ్ల ప్రశ్నపత్రాల ఫోల్డరు అంటున్నారు కాబట్టి, ఇప్పటికే వెళ్లిపోయిన గెస్ట్ ఫ్యాకల్టీ ఫైళ్లు అందులో కొన్ని ఉండే ఉంటాయి. ఫోల్డరు తెరిచి యజమాని పేరు కనిపించే వరుసను ఒకసారి పైనుంచి కిందికి చూడండి.

అన్నింటికంటే ఎక్కువగా మరిచిపోయేది స్క్రిప్టులు, అంటే షీట్లకు జతచేసిన చిన్న ప్రోగ్రాములు. ఫారం నింపగానే మెయిల్ వెళ్లడం, ప్రతి సోమవారం పరీక్ష విధుల పట్టిక అందరికీ చేరడం వంటివి షీట్ వెనక ఉన్న యాప్స్ స్క్రిప్ట్ ట్రిగ్గర్లతో, అంటే స్క్రిప్టును దానంతటదే నడిపించే అమరికలతో నడుస్తాయి. ట్రిగ్గర్ దాన్ని పెట్టిన వ్యక్తి అనుమతితోనే నడుస్తుంది. షీటును ఎక్కడికి తరలించినా ఆయన ఖాతా మూతపడిన రోజున అది చప్పుడు చేయకుండా ఆగిపోతుంది. మెయిల్ రాకపోతే ఎవరికీ అనుమానం రాదు, అదే దీనితో వచ్చిన తంటా. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ట్రిగ్గర్ల జాబితా తెరిపించండి. అక్కడున్న ప్రతిదాన్నీ ఆయన తొలగించాలి, మీరు విభాగం ఖాతాలో నుంచి కొత్తగా పెట్టాలి.

గడువు దాటితే ఏమవుతుందంటే, గూగుల్‌లో తొలగించిన ఖాతాను నిర్వాహకులు 20 రోజుల వరకు తిరిగి తేగలరు. మైక్రోసాఫ్ట్ 365లో ఆ వ్యవధి 30 రోజులు. ఆ తర్వాత మేమూ చేతులెత్తేయవలసిందే. ఖాతాలు మూయడానికి మాకు ఇంత తొందర ఎందుకని మీరు అడగవచ్చు. విద్యాసంస్థలకు ఇచ్చిన అపరిమిత నిల్వను ఎత్తివేస్తున్నట్టు గూగుల్ 2021లో ప్రకటించింది. 2022 జులై నుంచి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లే మూల పరిమితి అయింది. అంతవరకు విరమణ చేసినవారి ఖాతాలను ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు వాటిలోని పాత వీడియో పాఠాలే మాకు మొదట కనిపిస్తాయి.

సమన్వయకర్త

చాలా కృతజ్ఞతలండి. యజమాని వరుస చూశాను. 214 ఫైళ్లలో 37 ఆయనవి కావు. ఇంకో సందేహం. పత్రికల సంపాదకులు, పాత విద్యార్థులు ఆయనకు ఇంకా ఈ చిరునామాకే రాస్తారు. ఆ మెయిళ్లన్నీ ఆయన సొంత మెయిల్‌కు దారి మళ్లించమని అడగవచ్చా?

జవాబు 2: గ్రంథాలయాధికారి

మెయిల్ దారి మళ్లింపు గురించి ముందు చెబుతాను, అడ్మినిస్ట్రేటర్ గారు ఏమైనా తప్పుంటే దిద్దగలరు. మళ్లించిన మెయిల్ పంపినవారి సర్వర్ నుంచి కాక మన సర్వర్ నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది, కాబట్టి ఎస్‌పీఎఫ్ తనిఖీలో (మెయిల్ అనుమతి ఉన్న సర్వర్ నుంచే వచ్చిందా అని చూసేది) నెగ్గకపోవచ్చు. మెయిల్ మారలేదని చూపే డీకేఐఎం డిజిటల్ సంతకం కూడా దారిలో చెదిరితే అవతలి సేవ దాన్ని స్పామ్‌లో పడేస్తుంది, ఒక్కోసారి తిప్పికొడుతుంది. ముఖ్యమైన ఉత్తరం అందిందో లేదో తెలియని స్థితి కంటే, ఇప్పుడే స్వయంచాలక జవాబు పెట్టి, “ఇకపై నా చిరునామా ఇది, విభాగం పనుల కోసం ఆ చిరునామాకు రాయండి” అని చెప్పడం మేలు. ఖాతా మూసేదాకా ఉన్న ముప్పై రోజులలో తరచుగా రాసేవారందరికీ ఆ కబురు చేరుతుంది.

పరిశోధకుల విషయంలో నేను మొదట చూసేది ఆర్కిడ్ (ORCID). 2012లో మొదలైన ఈ పదహారు అంకెల గుర్తింపు సంఖ్య సంస్థది కాదు, వ్యక్తిది. ఉద్యోగం మారినా, విరమణ చేసినా అది ఆయనదే. అయితే ఆయన దాన్ని సంస్థ మెయిల్‌తో మాత్రమే తెరిచి ఉంటే, రేపు పాస్‌వర్డ్ మరిచిపోయినప్పుడు రీసెట్ లింకు మూతపడిన పెట్టెలో పడుతుంది. లోపలికి వెళ్లి సొంత మెయిల్‌ను రెండో చిరునామాగా చేర్చి, ధ్రువీకరించి, దాన్నే ప్రధానం చేయమనండి. అయిదు నిమిషాల పని. పత్రికల సమర్పణ సైట్లలో కూడా ఇదే మార్పు చేయాలి, ముఖ్యంగా ప్రస్తుతం సమీక్షలో ఉన్న వ్యాసాలకు.

విభాగం ఉమ్మడి గ్రంథసూచి జొటేరో (గ్రంథసూచులు నిర్వహించే సాఫ్ట్‌వేర్) గ్రూపులో ఉంటే దాని యాజమాన్యం మరొక సభ్యునికి మార్చవలసి ఉంటుంది. గ్రూపు ఫైళ్లు యజమాని నిల్వ కోటాలోనే లెక్కకు వస్తాయి, ఉచిత కోటా 300 మెగాబైట్లే. కొత్త యజమానికి అంత చోటు ఉందో లేదో చూసుకుని మార్చండి.

బయటి నుంచి డేటాబేస్‌లు చూసే వీలు మాత్రం ఖాతాతోపాటే ఆగిపోతుంది. ప్రచురణకర్తలతో చేసుకునే ఒప్పందాలలో సాధారణంగా ప్రస్తుత సిబ్బంది, విద్యార్థులే ఉంటారు. గౌరవ ఆచార్యుల హోదా ఇచ్చే ఉద్దేశం ఉంటే, ఆ ఉత్తర్వు ఖాతా మూసేలోపు కంప్యూటర్ సెంటర్‌కు చేరేలా చూడండి. తర్వాత చేరితే కొత్త ఖాతా తెరుస్తారు, పాతది రాదు.

జవాబు 3: కార్యాలయ పర్యవేక్షకులు

నేను సాంకేతిక నిపుణుణ్ని కాను, కాకపోతే ఇటువంటి అప్పగింతలు నాలుగు చూశాను. ఫైళ్లు పోవడం అరుదు. అవి ఉండి కూడా పనికిరాకుండా పోవడమే ఎక్కువ.

మూడుల్ నుంచి మార్కుల పట్టికను సీఎస్‌వీగా (కామాలతో వేరుచేసిన సాదా టెక్స్ట్ ఫైలుగా) దించుకుని ఎక్సెల్‌లో రెండు నొక్కులతో తెరిచారనుకోండి. 0047 అనే రోల్ నంబరు 47 అవుతుంది. పదహారు అంకెల ప్రవేశ సంఖ్య ఉంటే ఎక్సెల్ పదిహేను అంకెల దాకానే నిలుపుకుని చివరి అంకెను సున్నా చేస్తుంది. తెలుగులో ఉన్న పేర్లు పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. ఆ స్థితిలో సేవ్ నొక్కితే ఆ తప్పులే శాశ్వతం. మా దగ్గర ఒక బ్యాచ్ మొత్తానికి ఇలాగే జరిగింది, తిరిగి కాగితాల కట్టలు విప్పి సరిచూసుకున్నాం. ఫైలును నేరుగా తెరవకుండా ఎక్సెల్‌లో డేటా మెనూ నుంచి టెక్స్ట్ ఫైలుగా దిగుమతి చేసి, అక్షరాల సంకేతీకరణ యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు సరిగా కనిపించే పద్ధతి) అని, నంబర్ల వరుసలు టెక్స్ట్ అని చెప్పి తెరవండి. దించిన మూల ఫైలును మాత్రం ముట్టుకోకుండా పక్కన పెట్టండి.

ఆరంకెల కోడ్ విషయం ఆఖరి వారానికి వాయిదా వేయవద్దు. ఒకసారి మా ఆచార్యులు విరమణ రోజునే కొత్త ఫోన్ కొని పాతది మనవడికి ఇచ్చేశారు. అంతే, విభాగం మెయిల్ తెరవడానికి మాకు పదకొండు రోజులు పట్టింది.

జవాబు 4: సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్

గ్రంథాలయాధికారి గారు చెప్పినదాంట్లో దిద్దవలసినది ఏమీ లేదు.

కోడ్ గురించి కాస్త వివరం. అథెంటికేటర్ యాప్ చూపించే ఆ ఆరంకెలు, నమోదు సమయంలో క్యూఆర్ కోడ్ ద్వారా ఫోన్‌లోకి వెళ్లిన రహస్య కీ, అప్పటి సమయం, ఈ రెండింటి నుంచే పుడతాయి. మామూలుగా ముప్పై సెకన్లకోసారి మారతాయి. కాబట్టి ఆయన లాగిన్ అయి ఉన్నప్పుడు పాత నమోదును తీసేసి, కొత్త క్యూఆర్ కోడ్ తెరమీద ఉండగానే ఇద్దరు బాధ్యులు తమ తమ ఫోన్లతో స్కాన్ చేస్తే రెండింటిలోనూ ఒకే కోడ్ వస్తుంది. గూగుల్ ఖాతా అయితే ఒక్కొక్కసారి మాత్రమే పనిచేసే పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, అవి అచ్చువేసి విభాగాధిపతి బీరువాలో పెట్టండి. అసలు ఒక పాస్‌వర్డ్‌ను నలుగురు పంచుకోవడమే నాకు నచ్చదు. దీర్ఘకాలంలో ఎవరి లాగిన్‌తో వారు తెరిచే ఉమ్మడి మెయిల్ పెట్టె అడగండి.

మూడుల్ గురించి దిగులు అక్కరలేదు. ఆయన ఖాతా పోయినా కోర్సులు పోవు, నిర్వాహకులు మిమ్మల్ని అధ్యాపకురాలిగా చేరిస్తే చాలు. అయితే ప్రశ్నల నిధిని మూడుల్ ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఎగుమతి చేసి దాచుకోండి. ఎగుమతికి ఉన్న మరో రూపం గిఫ్ట్ (GIFT) చదవడానికి తేలిక గానీ బొమ్మలను వెంట తీసుకురాదు. విద్యార్థుల వివరాలతో సహా కోర్సు బ్యాకప్ కావాలంటే మమ్మల్నే అడగాలి, అధ్యాపకుల పాత్రకు మామూలుగా ఆ అనుమతి ఉండదు.

డొమైన్‌ను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నాకు తెలిసిన ఒక సదస్సు వెబ్‌సైటు ఇలాగే గడువు దాటిపోయి, కొన్నాళ్లకు జూదం ప్రకటనలతో ప్రత్యక్షమైంది. పదిహేను వ్యాసాల పాదసూచికల్లో ఆ లింకు ఇప్పటికీ ఉంది. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటివాటిని రిజిస్ట్రార్ (డొమైన్లు నమోదు చేసే సంస్థ) తొలగించాక కూడా తిరిగి దక్కించుకోవడానికి 30 రోజుల విమోచన గడువు ఉంటుంది, కాకపోతే దానికి అదనపు రుసుము కట్టాలి. ముందు అక్కడి సంప్రదింపు మెయిల్‌ను విభాగం చిరునామాకు మార్పించండి, యాజమాన్య బదిలీ తర్వాత నింపాదిగా చేసుకోవచ్చు.

సమన్వయకర్త

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. టికెట్ ఆయన పేరిట, మీరు చెప్పిన మాటలతోనే వెళ్లింది. మర్నాడు మధ్యాహ్నానికి షేర్డ్ డ్రైవ్ తయారైంది. ఆయనవి కాని 37 ఫైళ్లలో 29 ఇప్పుడు పనిచేస్తున్నవారివే, వారే తరలించారు. మిగిలిన ఎనిమిదింటి యజమానుల ఖాతాలు ఇంకా నిలిపివేత స్థితిలోనే ఉన్నాయని, తొలగించలేదని కంప్యూటర్ సెంటర్‌వారు చెప్పారు. విభాగాధిపతి లేఖ ఇచ్చాక అవీ వచ్చాయి.

ట్రిగ్గర్లు మూడు బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఏ షీటుదో ఆయనకే గుర్తు లేదు. తెరిచి చూస్తే, అంతర్గత మార్కులు నమోదు చేయనివారికి ప్రతి శుక్రవారం సాయంత్రం వెళ్లే హెచ్చరిక అది. అది కంప్యూటర్ సెంటర్ పంపుతోందని మేమంతా ఇన్నాళ్లూ అనుకున్నాం. దాన్ని విభాగం ఖాతా నుంచి మళ్లీ పెట్టాను. మొన్న శుక్రవారం మొదటి హెచ్చరిక నాకే వచ్చింది. క్యూఆర్ కోడ్‌ను విభాగాధిపతి, నేను కలిసి స్కాన్ చేశాం. డొమైన్ గడువు ఇంకా అయిదు నెలలుంది. సంప్రదింపు మెయిల్ మార్చాం, యాజమాన్య బదిలీకి ఆచార్యుల వారు వచ్చే బుధవారం వస్తామన్నారు.