కూకెన్‌హాఫ్ టికెట్టుకు తేదీలే ఎంచుకోనివ్వడం లేదు, ఏం చేయాలి?

ఐండ్‌హోవెన్ కొత్తవాడు:
నిన్న రాత్రి భోజనం చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నవాడిని ఒంటిగంట దాకా లేవలేదు. అయినా పని కాలేదు. అమ్మానాన్నలు విజయవాడ నుంచి మా ఇంటికి వస్తున్నారు. కూకెన్‌హాఫ్ తోటకు ముగ్గురికి టికెట్లు తీసుకుందామంటే ఏ తేదీ నొక్కినా కదలదు. ఫోనులో చూశాను, ఆఫీసు కంప్యూటర్‌లో చూశాను, ఉన్నవన్నీ తుడిచి మళ్లీ మొదలుపెట్టాను. అదే కథ. అమ్మ ఇంత దూరం రావడానికి ఒప్పుకున్నదే తులిప్ పూల కోసం. హాలండ్ దాకా వచ్చి అవి చూడకుండా ఎలా పంపను? ఎవరికైనా ఇలా జరిగి ఉంటే దయచేసి చెప్పండి.

పొదుపు ప్రయాణికుడు:
ముందు మీ కార్డు చూసుకోండి. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ చెల్లింపులు, కార్డు తాకించి చేసే చెల్లింపులు బ్యాంకు యాప్‌లో మనమే తెరిచి పెట్టుకోవాలి. ఇంట్లోవాళ్లు బయలుదేరే ముందే ఆ పని చేయించండి. ఇక్కడ రైలు, ట్రామ్, బస్సు అన్నింటిలోనూ కార్డు తాకించి ఎక్కవచ్చు. కానీ దిగేటప్పుడు మళ్లీ తాకించడం మరిచిపోతే అసలు చార్జీ కంటే ఎక్కువ పోతుంది. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. మీ కార్డు మీద ముగ్గురూ వెళ్లడం కుదరదు. పెద్దవాళ్లకు ఇది రెండు మూడు సార్లు దగ్గరుండి చూపించండి.

ఐండ్‌హోవెన్ కొత్తవాడు:
నేను డబ్బు కట్టే దాకా వెళ్లనే లేదండీ. తేదీయే రావడం లేదు.

మితభాషి:
ఏ నెలలో వస్తున్నారు?

పటాల పంతులు:
ఒక్క మాట. మీరుండేది హాలండ్ కాదు. ఈ దేశంలో 12 ప్రాంతాలుంటే ఉత్తర హాలండ్, దక్షిణ హాలండ్ అందులో రెండు మాత్రమే. మీ ఐండ్‌హోవెన్ ఉన్నది ఉత్తర బ్రబాంట్‌లో. దేశ ప్రచారంలో హాలండ్ అనే పేరును ప్రభుత్వమే 2020లో పక్కన పెట్టింది. ఫ్రీస్‌లాండ్ ప్రాంతం వాళ్లకు సొంత భాషే ఉంది, అక్కడికి వెళ్లి హాలండ్ బాగుంది అంటే మొహం మాడ్చుకుంటారు. నెదర్లాండ్స్ అనడం అలవాటు చేసుకోండి.

బందరు వాసి:
పంతులు గారూ, మా మచిలీపట్నంలో వలందపాలెం అని ఓ పేట ఉంది. డచ్చివాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే మా రేవుకు వచ్చి బట్టల వ్యాపారం పెట్టారు. వాళ్లను మన పెద్దలు వలందులు, ఒలందులు అన్నారు. అది హాలండ్ నుంచి వచ్చిన మాటే. భీమిలిలో వాళ్ల సమాధులు ఈనాటికీ ఉన్నాయి. మన భాషలో నాలుగు వందల ఏళ్లుగా ఉన్న పేరును తప్పంటే ఎలా?

పటాల పంతులు:
పాత పేరును తప్పనలేదు. ఇప్పుడు అక్కడ బతుకుతున్న మనుషులు తమను ఎలా పిలవమంటున్నారో అలా పిలవడం మర్యాద అన్నాను.

బందరు వాసి:
ఫుట్‌బాల్ ఆట జరుగుతుంటే హాలండ్, హాలండ్ అని అరిచేది ఆ మనుషులే కదండీ.

ఐండ్‌హోవెన్ కొత్తవాడు:
పేరు సంగతి తర్వాత చూద్దాం. ఆగస్టు 9న దిగుతున్నారు, రెండు వారాలుంటారు. తోట ఏడాదంతా ఉంటుంది కదా అని నెల రాయలేదు.

మితభాషి:
ఉండదు. మార్చి మూడో వారం నుంచి మే మధ్య దాకా, ఎనిమిది వారాలే. మీ కంప్యూటర్‌కు ఏ జబ్బూ లేదు.

ఐండ్‌హోవెన్ కొత్తవాడు:
అయ్యో. పోనీ తోట కాకపోతే పొలాలైనా? ఫొటోల్లో రైలు పట్టాల పక్కనే చారలు చారలుగా ఉంటాయి కదా, వాటికి టికెట్టు కూడా అక్కర్లేదు.

లిస్సె దగ్గరి రైతుబిడ్డ:
అవి కూడా ఉండవు. ఆ పొలాల పక్కనే నా ఇల్లు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అక్కడ పండించేది పువ్వును కాదు, గడ్డను. పువ్వు విచ్చుకున్నాక తెగులు ఉందేమో చూసి, బాగున్నవాటి తలలు యంత్రంతో కోసేస్తారు. పువ్వు పోతే సత్తువ గడ్డలోకి దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది. రాత్రికి రాత్రి రంగుల పొలం పచ్చగా అయిపోయింది. జూన్, జులైలలో గడ్డలు తవ్వి ఆరబెడతారు. ఆగస్టులో మీకు కనిపించేది దున్నిన ఇసుక నేల. మన దగ్గర కోత అయిపోయిన మడికి వచ్చి వరి ఏదీ అని అడిగినట్లే ఉంటుంది. కూకెన్‌హాఫ్‌లోనూ ఏటా శరదృతువులో సుమారు 70 లక్షల గడ్డలు చేతులతో కొత్తగా నాటితేనే వసంతంలో ఆ పూలు.

అమ్మగారికి ఈ సంగతి ఇప్పుడే చెప్పేయండి. తర్వాత హోహె వేలువె అడవికి తీసుకెళ్లండి. ఆగస్టు మధ్య నుంచి అక్కడి బీడు భూములన్నీ వంకాయ రంగు పూలతో నిండిపోతాయి, కనుచూపు మేర అదే రంగు. కాబట్టి వాళ్లు వచ్చాక రెండో వారంలో వెళ్లండి. లోపల తెల్ల సైకిళ్లు ఊరికే ఇస్తారు. అడవి మధ్యలో క్రోలర్-ముల్లర్ మ్యూజియంలో చిత్రకారుడు వాన్ గో గీసిన బొమ్మలు చాలా ఉన్నాయి. డాలియాలు కూడా ఆ నెలవే.

రాటర్‌డ్యామ్ గృహిణి:
గాలిమరలకు మాత్రం నెలతో పని లేదు. కిండర్‌డైక్‌లో 19 ఉన్నాయి, ఎక్కువ భాగం 1740 ప్రాంతంలో కట్టినవి. పిండి విసరడానికి కాదు, పల్లపు నేలలోని నీటిని తోడి పైకి పోయడానికి. వాటిలో ఇప్పటికీ కుటుంబాలు కాపురాలున్నాయి, కిటికీల్లోంచి తొంగి చూడకుండా ఉంటే చాలు. మా ఊరి నుంచి పడవలో వెళ్లవచ్చు.

ఇంకో రెండు మాటలు, మా అత్తమామలు వచ్చినప్పుడు పడ్డ అవస్థతో చెబుతున్నాను. ఎర్రటి దారి సైకిళ్లది, దాని మీద నిలబడి ఫొటోలు తీసుకోవద్దు, వాళ్లు ఆగరు. కాఫీషాప్ అని బోర్డున్న చోట అమ్మేది గంజాయి. చట్టం ఒప్పుకోకపోయినా షరతుల మీద చూసీ చూడనట్లు వదిలేస్తారు. నాన్నగారికి కాఫీ కావాలంటే కెఫే అని ఉన్న చోటికి వెళ్లండి. మధ్యాహ్నం వేడి భోజనం అని వెతక్కండి, ఇక్కడివాళ్లు రొట్టె, చీజుతో సరిపెట్టుకుంటారు. పులిహోర కలిపి వెంట పట్టుకెళ్లండి.

ఐండ్‌హోవెన్ కొత్తవాడు:
నాన్నకు మోకాళ్ల నొప్పులు, సైకిలు తొక్కలేరు. వేలువె కుదురుతుందా?

మితభాషి:
కారులో మ్యూజియం దాకా వెళ్లవచ్చు. పార్కింగు అక్కడే.

ఐండ్‌హోవెన్ కొత్తవాడు:
సరే, అమ్మకు ఫోను చేశాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత వంకాయ రంగు పూల ఫొటో పంపమంది. అందరికీ ధన్యవాదాలు.

బందరు వాసి:
పంతులు గారూ, వలందు మాట మనకు నేరుగా వాళ్ల నుంచే వచ్చిందా, పోర్చుగీసువాళ్ల నోటి మీదుగానా? తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.