ఐలీన్ శోకగీతానికి కవయిత్రి పేరు పెట్టవచ్చా?

పాతపెట్టె:
1773 మే 4న ఐర్లండ్‌లోని కారిగనిమా దగ్గర ఆర్ట్ ఓ లీరీని సైనికులు కాల్చి చంపారు. మీద మనిషి లేకుండా ఇంటికొచ్చిన గుర్రాన్నే ఎక్కి, భార్య ఐలీన్ దువ్ శవం దగ్గరికి వెళ్ళిందని గీతం చెబుతుంది. దాన్ని ఆమె రచనగా అచ్చువేస్తున్నారు. నాకు అభ్యంతరం ఉంది. మనకు దక్కిన పాఠం 19వ శతాబ్దంలో నోరీ సింగిల్టన్ నోట విని రాసుకున్నది. ఆమె చావు ఇళ్ళలో శోకాలు పాడటమే వృత్తిగా ఉన్న మనిషి. గీతంలో ఐలీన్ భర్త నెత్తురు తాగానంటుంది, ఆ పని కూడా ఐరిష్ పాత కథల్లో డైర్డ్రా అనే నాయిక చేసినదే. అందరి సొత్తును ఒకరి పేర రాస్తారా?

గవాక్షం:
పాతపెట్టె గారూ, ఆడపడుచు మాటేమిటి? శవజాగరం రాత్రి నువ్వు పడుకున్నావని ఆర్ట్ చెల్లెలు దెప్పుతుంది. పిల్లలను నిద్రపుచ్చడానికి వెళ్ళానని ఐలీన్ ఎదురు చెబుతుంది. వదినా ఆడపడుచుల ఈ తగవు అరువు తెచ్చుకున్నదిలా ఉందా?

పాతపెట్టె:
ఉంది! పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ శవం ముందే పాటలో పోటీపడటం అక్కడి ఆచారమే.

తాటాకు:
మగ కవులూ పాత పదబంధాలు వాడారు, వారి పేర్లు ఎవరూ చెరపలేదు కదా. పేరు విషయం వచ్చేసరికి ఆడవాళ్ళకే ఈ లెక్కలు. 1991లో వచ్చిన ఐరిష్ సాహిత్య సంకలనం ‘ఫీల్డ్ డే’ మూడు సంపుటాల్లో స్త్రీలకు దక్కిన చోటు చూసి గొడవ రేగింది. చివరికి 2002లో మరో రెండు సంపుటాలు వేయాల్సి వచ్చింది.

పాతపెట్టె:
తాటాకు గారూ, నేను చెరపమనడం లేదు. నోరీ పేరు ఎందుకు లేదని అడుగుతున్నాను. ఐరిష్ రాజకీయ నాయకుడు డేనియల్ ఓకానెల్‌కు మేనత్త కాబట్టి ఐలీన్ గుర్తుంది. కూలికి ఏడ్చిన నోరీకి ఆ వంశం లేదు.

గవాక్షం:
ఇది ఒప్పుకుంటాను. కానీ మొదట అన్నది ఇది కాదు, ఎవరి పేరూ వద్దన్నారు. రెండు పేర్లూ వేద్దామంటే నా సంతకం ఉంటుంది. ఆడపడుచుది మూడోది వేయాలేమో, ఆమె పద్యాలు కూడా తక్కువ పదును కావు.