అప్‌డేట్: బస్సు టికెట్‌కి మైల్స్ వాడటం కుదిరింది

తిరుపతి–చెన్నై బస్సు టికెట్లకి క్రెడిట్ కార్డు మైల్స్ (కార్డుతో ఖర్చు పెడితే వచ్చే పాయింట్లు) వాడదామంటే, వాటితో ప్రయాణ ఖర్చు తీర్చుకునే రిడీమ్ పేజీలో ఆ టికెట్ల ఖర్చులే కనబడటం లేదని పోయిన నెల అడిగాను కదా, తేలింది. నేను ముందు వాలెట్‌లో డబ్బులేసి అందులోంచి టికెట్ కొనేవాణ్ణి, దాంతో బ్యాంకు లెక్కలో అది ప్రయాణం కాదు, వాలెట్ లోడింగ్! మర్చంట్ కోడ్ (డబ్బు తీసుకున్నవాళ్లది ఏ రకం వ్యాపారమో చెప్పే నంబరు) చూడమని అప్పుడు జవాబిచ్చినాయన చెప్పిందే నిజం, థాంక్స్ అన్నా. ఈసారి కార్డుతో నేరుగా కట్టాను, బస్సులకుండే 4131 కోడ్‌తో పడింది, మూడు రోజులకి మైల్స్ వాడుకోగలిగాను. రేణిగుంట నుంచి తీసిన రైలు టికెట్ కూడా 4112తో వచ్చింది. యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం, కేవైసీ అప్‌డేట్, ఇవన్నీ దీనికి సంబంధం లేనివే, వాటితో సగం రోజు వృథా. పెట్రోలు మాత్రం నా కార్డులో ప్రయాణం కింద రాదట. రిడీమ్ ఫీజు 99 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, అందుకే చిన్న టికెట్లకి వాడట్లేదు.