అస్తరు లేని బ్లేజర్, కింద స్నీకర్లు: వసంతానికి తగ్గ మార్పా, ఉత్త బద్ధకమా?

వదులుకాలరు
మొన్న ఆఫీసు పార్టీకి ఇలా వెళ్లాను: లోపల అస్తరు లేని నేవీ లినెన్ బ్లేజర్, తెల్ల టీషర్టు, బూడిదరంగు చినోలు (నూలు ప్యాంటు), తెల్ల స్నీకర్లు. చలి తగ్గింది, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది, ఇంకా ఉన్ని సూటు ఎందుకులే అనుకున్నాను. మా పెద్దసారు పైనుంచి కిందదాకా చూసి "ఏమిటోయ్, సగం తయారై వచ్చేశావ్?" అన్నారు. నవ్వేశాను గానీ అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. క్లాసిక్ బట్టల్ని ఇలా సడలించి వేసుకోవడం తప్పంటారా?

ఇస్త్రీమడత
మీ సారు సరిగ్గానే అన్నారండీ. కోటుకి ఆ రూపం ఊరికే రాదు. ఛాతీ దగ్గర గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్, భుజాల్లో ప్యాడ్లు, వాటిని కప్పుతూ లోపల అస్తరు, ఇవన్నీ ఉంటేనే అది కోటు. అవన్నీ పీకేస్తే మిగిలేది లాపెల్ (ఛాతీ మీదికి మడిచిన పట్టీ) ఉన్న చొక్కా. దాని కింద టీషర్టు, స్నీకర్లు కూడానా? ఒక్కోటీ విడిగా ఫరవాలేదు. నాలుగూ ఒకేరోజు సడలిస్తే ఇక సడలించడానికి ఏం మిగిలిందని!

కాజాకుట్టు
నేను కొన్నేళ్లు కోట్లు కుట్టిన మనిషిని. ఇస్త్రీమడత గారూ, మీరు పవిత్రంగా చూసుకుంటున్న ఆ బ్లేజర్ పుట్టిందే ఆటబట్టగా. కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీ పడవ పందేల క్లబ్బువాళ్లు వేసుకున్న ఎర్రకోట్లు మంటలా భగభగలాడేవి కాబట్టే వాటికి ఆ పేరు, ఇంగ్లిషులో 'బ్లేజ్' అంటే మంట. మనం అతి మర్యాదగా భావించే సూటు కూడా 19వ శతాబ్దంలో మోకాళ్లదాకా ఉండే ఫ్రాక్ కోటు పక్కన నిలబడితే తీరిక వేళ బట్టే. ఈ బట్టల చరిత్రంతా సడలింపులేనండీ.

అస్తరు, ప్యాడింగ్ తీయడం కూడా నిన్నటి ఫ్యాషన్ కాదు. ఇటలీలోని నేపుల్స్‌లో 1930ల్లోనే రుబినాచ్చి దుకాణంలో బట్ట కత్తిరించే విన్చెంజో అత్తోలీని అనే కట్టర్ మెత్తని కోటు మొదలుపెట్టాడు. 1975లో మిలాన్‌లో సొంత సంస్థ పెట్టిన జార్జియో అర్మానీ అదే ఆలోచనని రెడీమేడ్ బట్టల్లోకి తెచ్చి లోకమంతా తిప్పాడు.

ఇంకోటి, అస్తరు లేకపోతే పని తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మంచి కోటుకైతే పెరుగుతుంది! అస్తరు ఉంటే లోపలి అంచులు దాని చాటున దాక్కుంటాయి. అది లేనప్పుడు ప్రతి అంచుకీ పైపింగ్ (సన్న గుడ్డపట్టీ) వేసి శుభ్రంగా ముగించాలి. ఈసారి కొనేటప్పుడు కోటు తిరగేసి చూడండి. దారాలు వేలాడుతుంటే అక్కడే పెట్టేయండి. చేతుల్లో మాత్రం అస్తరు ఉండాలి, లేకపోతే చొక్కా చెయ్యి పట్టుకుని లోపలికి జారదు.

ఇస్త్రీమడత
చరిత్ర ఒప్పుకుంటాను. కానీ అర్మానీ ప్యాడ్లు తీసి ఊరుకోలేదు కదా, కటింగ్ మార్చాడు, వేలాడే తీరుకి తగ్గ బట్ట ఎంచుకున్నాడు. ఇప్పుడు దొరికేవాటిలో సగం ఖర్చు తగ్గించుకోవడానికి తీసినవే. దానికి 'వసంతం' అని పేరు పెడుతున్నారు.

సగంచెయ్యి
కుట్టకుండా జిగురుతో అతికించిన కాన్వాస్‌తో వచ్చే కోట్లకంటే ఏమీ లేని కోటు నయం. నాదొకటి డ్రైక్లీనింగ్‌కి వెళ్లొచ్చాక లాపెల్ మీద బుడగలు లేచాయి. అతుకు ఊడిపోతే ఇక చేసేదేం లేదట.

రెండుపోగులు
అందరూ అస్తరు దగ్గరే ఆగిపోయారు, బట్ట సంగతి ఎవరూ ఎత్తలేదు. వసంతంలో పొద్దున చలి, మధ్యాహ్నం ఉక్క. దానికి లినెన్ ఒక్కటే దారి కాదు. అవిసె నారకి సాగే గుణం తక్కువ, ఒకసారి వంగితే వెనక్కి లేవదు, అందుకే కుర్చీలోంచి లేచేసరికి ఆ ముడతలు. ఉన్ని పోగు సహజంగానే మెలికలు తిరిగి ఉంటుంది కాబట్టి మళ్లీ సర్దుకుంటుంది. బాగా మెలిపెట్టిన దారంతో కాస్త వదులుగా నేసిన ఉన్ని, మీటరుకు 250 గ్రాముల ప్రాంతంలో ఉన్నది, తీసుకోండి. గాలి ఆడుతుంది, సాయంత్రానికీ నలగదు. "ఎండల్లో ఉన్ని ఏమిటి!" అని నవ్వకండి, ఒకసారి వేసి చూడండి.

లేదంటే సీర్‌సకర్. పడుగులో కొన్ని పోగులు బిగువుగా, కొన్ని వదులుగా ఉంచి నేస్తారు. వదులు పోగులు ఉబ్బి బట్ట ఒంటికి అంటకుండా చేస్తాయి. ముందే ముడతలుంటాయి కాబట్టి ఇస్త్రీ టెన్షన్ లేదు! పేరు కూడా పారసీ 'పాలు, చక్కెర' నుంచి వచ్చిందే, ఒక చార నునుపు, ఒక చార గరుకు.

వదులుకాలరు
బట్ట సంగతి అర్థమైంది. మరి టీషర్టు, స్నీకర్లు?

ఇస్త్రీమడత
టీషర్టుకి నా అభ్యంతరం అందం గురించి కూడా కాదు. కాలరు లేకపోతే కోటు మెడపట్టీ నేరుగా మెడకి రాసుకుంటుంది. చెమట, నూనె అంతా దానికే. చొక్కాని రోజూ ఉతుకుతాం, కోటుని ఉతకం కదా. అల్లిక పోలో వేసుకోండి, టెన్నిస్ ఆటగాడు రెనే లకోస్ట్ 1926లో కోర్టులోకి వేసుకొచ్చినదాని చుట్టమే. కాలరు ఉంటుంది, బిగువు ఉండదు.

కాజాకుట్టు
ఈ మాట నాకూ నచ్చింది. స్నీకర్ల విషయంలో మాత్రం మీతో కలవను. సన్న సోలుతో ఉన్న సాదా తోలువి, శుభ్రంగా ఉంటే, చినోల మీద బాగానే ఉంటాయి. పరుగు బూట్లు వద్దు.

ఇస్త్రీమడత
మెత్తటి స్వెడ్ తోలు లోఫర్లు ఉండగా ఎందుకండీ ఆ తంటా? 1930ల నుంచీ ఉన్నాయి, లేసులు లేవు, కాలికి హాయి. సడలింపు కావాలంటే అది ఎప్పుడో జరిగిపోయింది.

సగంచెయ్యి
లోఫర్లు నా మడమ గీరేస్తాయి. నా ఓటు స్నీకర్లకే.

కాజాకుట్టు
వదులుకాలరు గారూ, ఒక్కటి అడుగుతాను. ఆ బ్లేజర్ వేసుకుని అద్దం ముందు నిలబడండి. చెయ్యి అతికిన కుట్టు మీ భుజం ఎముక చివర పడుతోందా, కిందికి జారిందా?

వదులుకాలరు
ఇప్పుడే చూశాను. ఒక అంగుళం పైనే బయటికి ఉంది. హాయిగా ఉంటుందని ఒక సైజు పెద్దది తీసుకున్నాను.

కాజాకుట్టు
అనుకున్నాను. ప్యాడ్ ఉన్న కోటు కాస్త పెద్దదైనా తనంతట తాను నిలబడి కప్పిపుచ్చుతుంది. అస్తరూ ప్యాడూ లేనిది ఏదీ దాచదు, కుట్టు కచ్చితంగా ఎముక మీదే పడాలి. మీ సారు కంటికి ఆనింది స్నీకర్లు కాకపోవచ్చు, ఆ వేలాడే భుజం అయ్యుంటుంది.

వదులుకాలరు
టైలరుకి ఇస్తే సరిచేస్తాడా?

కాజాకుట్టు
నడుము, చేతి పొడవు అయితే ఇట్టే. భుజం అంటే చేతులు రెండూ విప్పి, చంక దగ్గర మళ్లీ కోసి అతకాలి. నేనైతే ఆ పని ఒప్పుకోను. దాన్ని వారాంతాల్లో షికార్లకి వాడేసుకోండి, తరవాతిది మీ సైజుకి తీసుకోండి.

ఇస్త్రీమడత
భుజం సరే. టీషర్టు మాత్రం నేను ఒప్పుకోలేదని గుర్తుంచుకోండి.